ఎక్స్‌రే చీటీ మీది తేదీ: నాలుగుసార్లు కుప్పకూలిన ఓ కుడి ఊపిరితిత్తి

ముప్పై రెండేళ్ల ఒక యువతికి పది నెలల్లో నాలుగుసార్లు కుడి ఊపిరితిత్తి కుప్పకూలింది. మొదటిసారి చూసిన వైద్యులు టీబీ అన్నారు. రెండోసారి చూసిన నేను, కారణం తెలియని మామూలు న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోవడం) అని కేస్ షీటులో రాశాను. రెండూ తప్పే. అసలు కారణాన్ని పట్టిచ్చే తేదీ మొదటి రోజు నుంచీ ఆమె ఫైల్లోనే ఉంది. మేమెవరం చదవలేదు.

నేను ఛాతీ వైద్యుడిని. కోస్తాలో ఒక పట్టణంలో ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ కేసు రాయడానికి ఆమె, ఆమె భర్త ఇద్దరూ ఒప్పుకున్నారు. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. వైద్యానికి సంబంధించినవి ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

నేపథ్యం

ఆమె ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఐదడుగుల రెండంగుళాల ఎత్తు, 56 కిలోల బరువు. సిగరెట్ లేదు, పొగాకు లేదు, ఇంట్లో కట్టెల పొయ్యి లేదు. ఆస్తమా లేదు. ఇంట్లో ఎవరికీ టీబీ రాలేదు. పెళ్లయి ఏడేళ్లు, పిల్లలు లేరు. ఈ చివరి సంగతి మా కేస్ షీటులో ‘ఇతర వివరాలు’ కింద ఒక మూలన ఉంది.

మొదటిసారి వినాయక చవితి రోజుల్లో వచ్చింది. కుడి భుజం పైన నొప్పి, పొడిదగ్గు. ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చాడు. మర్నాడు ఎముకల డాక్టరు, మిషను కుట్టీ కుట్టీ భుజం పట్టేసిందన్నారు. మూడో రోజు మేడమెట్లు ఎక్కుతుంటే ఆయాసం వచ్చింది. ఒక ఆస్పత్రికి వెళ్తే ఎక్స్‌రే తీశారు. కుడివైపు ఊపిరితిత్తి సగానికి సగం ముడుచుకుపోయి ఉంది. ఆ గాలి బయటికి పోవడానికి ఛాతీలోకి ట్యూబు వేశారు, ఐదు రోజుల్లో ఊపిరితిత్తి మళ్లీ విచ్చుకుంది.

ఎందుకు కుప్పకూలింది అన్న ప్రశ్నకి అక్కడ దొరికిన జవాబు టీబీ. కళ్లె రాలేదు కాబట్టి, కళ్లెలో టీబీ క్రిమిని పట్టే సిబినాట్ పరీక్షకి పంపడానికి ఏమీ లేదు. చేతి చర్మంలోకి సూది వేసి చూసే మాంటూ అనే టీబీ పరీక్షలో చర్మం 16 మి.మీ. పొంగింది. ఆ ఒక్క ఆధారంతో ఆరు నెలల టీబీ మందులు మొదలుపెట్టారు.

వాళ్ల ఆలోచన నాకు అర్థమవుతుంది. మన దగ్గర టీబీ వల్ల ఊపిరితిత్తి కుప్పకూలడం నిజంగానే ఎక్కువ. పొర పక్కనే ఉన్న టీబీ గడ్డో, గుల్లో పగిలితే గాలి బయటికి వచ్చేస్తుంది. కానీ అలాంటి మనిషికి జ్వరం, బరువు తగ్గడం, కళ్లె లాంటివి ఏదో ఒకటి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఊపిరితిత్తి విచ్చుకున్నాక తీసిన ఎక్స్‌రేలో మచ్చ కనబడాలి. ఈమె ఊపిరితిత్తి విచ్చుకున్నాక అద్దంలా ఉంది. ఇక మాంటూ అంటారా, టీబీ క్రిమి ఎప్పుడో ఒంట్లోకి వచ్చిందనే చెబుతుంది తప్ప ఇప్పుడు జబ్బు ఉందని చెప్పదు. మన దేశంలో ఆరోగ్యంగా తిరుగుతున్న ఎంతోమందికి అది పాజిటివ్ వస్తుంది. యూరప్‌లోనూ ఒకప్పుడు కుప్పకూలిన ప్రతి ఊపిరితిత్తినీ టీబీ ఖాతాలోనే వేసేవారు. ఏ జబ్బూ లేని యువకుల్లో ఊపిరితిత్తి పైకొనలో ఉండే చిన్న గాలి పొక్కులు పగలడం వల్ల ఇది వస్తుందని డెన్మార్క్ వైద్యుడు కేర్‌గార్ 1932లో వివరంగా రాశాకే ఆ అలవాటు తగ్గింది. మన దగ్గర అది ఇంకా పూర్తిగా పోలేదు.

నా దగ్గరికి వచ్చిన రోజు

సంక్రాంతి వెళ్లిన రెండు వారాలకి నా దగ్గరికి వచ్చింది. అప్పటికి టీబీ మందులు నాలుగున్నర నెలలు వాడింది. ఒక్క మాత్ర కూడా మానలేదని భర్త ఖాళీ అట్టలన్నీ కవర్లో వేసి తెచ్చి చూపించాడు. మళ్లీ కుడివైపే. మళ్లీ భుజం నొప్పితోనే మొదలు. నడిస్తే ఆయాసం, కూర్చుంటే ఫర్వాలేదు. ఆక్సిజన్ 95 శాతం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య రెండు సెంటీమీటర్లకి పైగా ఖాళీ ఉంది.

ఇక్కడ మొదటి నిర్ణయం: ఏమీ చేయకుండా గమనిస్తూ ఉండాలా, సూదితో గాలి తీయాలా, ట్యూబు వేయాలా? ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 316 మందిపై జరిగి 2020లో వెలువడిన పరిశోధన తర్వాత, మొదటిసారి వచ్చి, మనిషి స్థిమితంగా ఉంటే ట్యూబు లేకుండా గమనించడం కూడా సరైన దారేనని మేమందరం ఒప్పుకుంటున్నాం. కానీ ఈమెకి ఇది రెండోసారి. పైగా నడిస్తే ఆయాసం ఉంది, ఇల్లు మా ఊరికి గంటన్నర దూరం. అందుకని గమనించడం వద్దనుకున్నాను. ట్యూబు బాధ ఆమె ఒకసారి పడింది కాబట్టి ముందు సూదితో ప్రయత్నిద్దామనుకున్నాను.

రెండో పక్కటెముక కింద మత్తు ఇచ్చి కాన్యులా (సన్నటి గొట్టం) పెట్టి, 50 మి.లీ. సిరంజితో లాగడం మొదలుపెట్టాం. ఇరవై నాలుగు సిరంజిలు, అంటే 1,200 మి.లీ. గాలి. ఇరవై నాలుగోది లాగుతుండగా ఆమెకి ఒక్కసారిగా దగ్గు వచ్చింది, సిరంజి బిగుసుకుంది. ఊపిరితిత్తి విచ్చుకుని గోడని తాకిందని దానర్థం. ఆపేశాం. నాలుగు గంటల తర్వాత తీసిన ఎక్స్‌రే బాగుంది. రెండున్నర లీటర్లు లాగినా ఇంకా గాలి వస్తూనే ఉంటే లోపల రంధ్రం తెరుచుకునే ఉందనుకుని ట్యూబు వేయాలి. ఈమెకి ఆ అవసరం రాలేదు.

చికిత్స వరకు సాఫీగానే జరిగింది. పొరపాటు జరిగింది దాని తర్వాత.

నేను వెతికినవి, వెతకనిది

సీటీ తీయించాను. ఎందుకు తీయించానో చెప్పాలి, ఎందుకంటే యువతలో ఊపిరితిత్తి కుప్పకూలే కారణాలన్నీ ఆ సమయంలో నా తలలో వరుసగా ఉన్నాయి.

అందరికంటే ఎక్కువగా చూసేది పొడుగ్గా, సన్నగా ఉన్న ఇరవైల్లోని కుర్రాళ్లని. పొడుగాటి ఛాతీలో ఊపిరితిత్తి పైకొన మీద లాగుడు ఎక్కువ. ఆ కొనల్లో పొర కింద గాలి పొక్కులు లేస్తాయి, ఏదో ఒక రోజు పగులుతాయి. ఆ రోజు బరువులెత్తుతూ ఉండనక్కర్లేదు. ఎక్కువమంది ఊరికే కూర్చుని ఉండగానో, పడుకుని ఉండగానో వస్తుంది. సిగరెట్ దీన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. 1987లో స్వీడన్ నుంచి వచ్చిన లెక్క ప్రకారం సిగరెట్ తాగే మగవాళ్లలో ముప్పు 22 రెట్లు, ఆడవాళ్లలో 9 రెట్లు. గంజాయి తాగే కుర్రాళ్లలో ఇంకా పెద్ద గాలి గుల్లలు చూస్తున్నాను. ఈమె పొడుగు కాదు, సన్నం కాదు, పొగ తాగదు. సీటీలో పైకొనలు రెండూ శుభ్రంగా ఉన్నాయి, ఒక్క పొక్కు లేదు.

తర్వాత మార్ఫాన్. దీన్ని మర్చిపోతే మనిషి ప్రాణం మీదికి వస్తుంది, ఎందుకంటే ఊపిరితిత్తి కుప్పకూలడం అందులో చిన్న విషయం. పెద్ద ప్రమాదం గుండె నుంచి బయల్దేరే మహాధమని ఉబ్బి చీలడం. ఆమె చెయ్యి పట్టుకుని చూశాను. బొటనవేలు మడిచి పిడికిలి బిగిస్తే గోరు అవతలి వైపు బయటికి రాలేదు. ఒక చేతి బొటనవేలూ చిటికెనవేలూ రెండో మణికట్టు చుట్టూ ఒకదాని మీదకి ఒకటి రాలేదు. చేతులు చాపిన కొలత ఎత్తుకి సమానం. కంటి కటకం జారలేదు. ఇంట్లో చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినవాళ్లు లేరు. మార్ఫాన్ కాదు.

పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లలో లామ్ అనే అరుదైన జబ్బు ఉంది. రెండు ఊపిరితిత్తుల నిండా పల్చటి గోడల గుండ్రటి గుల్లలు సీటీలో కనబడతాయి. లేవు. బర్ట్-హాగ్-డ్యూబే అనే వంశపారంపర్య జబ్బులో గుల్లలు ఊపిరితిత్తి కింది భాగంలో ఉంటాయి, ముఖం మీద చిన్న చిన్న తెల్లటి పొక్కులు, కిడ్నీలో గడ్డలు ఉండొచ్చు. అవీ లేవు. టీబీ మచ్చ లేదు, గుంత లేదు, లింఫు గడ్డలు లేవు.

ఇన్ని లేవని తేలాక ‘ప్రైమరీ స్పాంటేనియస్ న్యూమోథొరాక్స్’ అని రాసి పంపేశాను. ప్రైమరీ అంటే, వెతకాల్సినవన్నీ వెతికాక ఏదీ దొరకలేదు అని అర్థం. నేను ఫిల్మ్‌లో వెతికాను. మనిషిని అడగడం సగంలోనే ఆపేశాను. పొగ, టీబీ, ఆస్తమా, కుటుంబం అడిగాను. ఆయాసం మొదలైన రోజు నెలసరి ఎన్నో రోజు అని అడగలేదు. ముప్పైల్లో ఉన్న, పొగ తాగని ఆడమనిషికి, కుడివైపే, రెండోసారి. ఈ నాలుగూ ఒకచోట చేరితే ఆ ప్రశ్న తనంతట తనే రావాలి. నాకు రాలేదు.

ఇంకో తప్పు కూడా ఉంది. టీబీ లేదని నాకు దాదాపు నమ్మకం కుదిరింది. అయినా, ఎవరో పెద్దవాళ్లు మొదలుపెట్టిన కోర్సు, ఇంకా నెలన్నరే కదా, పూర్తి చేసేద్దాం అన్నాను. ఆపే ధైర్యం చేయలేదు.

మూడోసారి

ఉగాది ముందు రోజు రాత్రి మళ్లీ వచ్చింది. ఈసారి ఎక్కువగా ఉంది. కూర్చున్నా ఆయాసం, ఆక్సిజన్ 91. చంక కింద ట్యూబు వేశాం. ట్యూబు రెండో కొన ముంచిన నీళ్ల సీసాలో గాలి బుడగలు బుడబుడమంటూ వచ్చాయి.

మర్నాడు పొద్దున మా వార్డు సిస్టర్ మళ్లీ ఎక్స్‌రే తీయించడానికి చీటీ రాస్తోంది. పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్లకి ఎక్స్‌రే తీసేముందు చివరి నెలసరి తేదీ రాయాలి, గర్భం ఉందేమో తెలుసుకోవడానికి. ఆ గడి నింపి, ఫైలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

“సార్, ఈమెకి పోయినసారి ఎక్స్‌రే తీసినప్పుడూ డేటే. ఇప్పుడూ డేటే. పాత ఆస్పత్రి చీటీ కూడా ఫైల్లోనే ఉంది, చూడండి.”

మూడు చీటీలు బల్ల మీద పక్కపక్కన పెట్టాను. మొదటి దాని మీద ఎక్స్‌రేకి రెండు రోజుల ముందు తేదీ. రెండో దాని మీద అదే రోజు. మూడో దాని మీద ముందు రోజు. మూడూ మూడు వేర్వేరు చేతివ్రాతలు.

మంచం దగ్గరికి వెళ్లి, “అమ్మా, ఆయాసం వచ్చినప్పుడల్లా నెలసరి వచ్చి ఉంటోందా?” అని అడిగాను. ఆమె పక్కనే ఉన్న అత్తగారి వైపు చూసి తల దించుకుంది. ఆ ప్రశ్న నేను అలా, అందరి ముందు నిలబడి అడగకూడదు. బయటికి వచ్చేసి సిస్టర్‌ని పంపాను. కాసేపటికి అత్తగారే నా గదికి వచ్చారు.

“బాబూ, ఆ మూడు రోజులూ అది పక్కన కూర్చుంటుంది, కింద చాప మీద పడుకుంటుంది. అప్పుడే దగ్గు. నేల చల్లదనానికి రొంప పట్టిందనుకుని మిరియాల కషాయం కాచి ఇచ్చేదాన్ని. దీపావళికీ అంతే. మొన్న శివరాత్రికి జాగారం చేద్దామనుకుంది, సరిగ్గా ఆ రోజే బయట చేరింది. రాత్రంతా భుజం పట్టుకుని కూర్చుంది.”

నేను మూడుసార్లు అనుకున్నది ఐదుసార్లని అప్పుడు తెలిసింది. రెండుసార్లు చిన్నగా వచ్చి తనంతట తనే తగ్గిపోయింది. ఆ ఇంట్లో అందరికంటే దగ్గరగా గమనించిన మనిషి ఆవిడ. ఆవిడని ఎవరూ ఏమీ అడగలేదు.

సాయంత్రం భర్త వంటింటి గోడ మీది తెలుగు క్యాలెండర్‌ని ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపాడు. పాల లెక్క, గ్యాస్ సిలిండర్ వచ్చిన రోజు, చీటీ డబ్బు కట్టిన రోజు, అన్నీ ఆ గళ్లలోనే రాసి ఉన్నాయి. వర్జ్యం అచ్చువేసిన చోట, మూలన, నీలం పెన్నుతో చిన్న చుక్క. నెలకొక చుక్క. ఆమె పెట్టుకున్నవి. ఆస్పత్రి తేదీలు ఆ చుక్కల పక్కన పెట్టుకుంటూ పోయాను. ప్రతిసారీ చుక్క పెట్టిన రోజునే, లేదా మర్నాడే మొదలైంది. నెలసరికి 24 గంటల ముందు నుంచి అది మొదలైన 72 గంటల లోపు, మళ్లీ మళ్లీ ఊపిరితిత్తి కుప్పకూలితే దాన్ని కాటమీనియల్ న్యూమోథొరాక్స్ అంటారు. 1958లో మొదటిసారి వర్ణించారు, 1972లో ఆ పేరు పెట్టారు. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను. ప్రతి నెలా రావాలని లేదని కూడా తెలుసు. ఆ వెలితి నెలలే మనల్ని దారి తప్పిస్తాయి.

గాలి ఎక్కడి నుంచి వచ్చింది

భర్త అడిగిన మొదటి ప్రశ్న ఇదే. “నెలసరికీ ఊపిరితిత్తికీ సంబంధం ఏంటి సార్?”

గర్భాశయం లోపలి పొర లాంటి కణజాలం గర్భాశయం బయట పెరగడమే ఎండోమెట్రియోసిస్. ఎక్కువగా అండాశయాల మీద, కడుపులో ఉంటుంది. కొందరిలో అది డయాఫ్రం (ఛాతీనీ కడుపునీ వేరుచేసే కండరపు పొర) దాకా, ఛాతీ లోపలి దాకా చేరుతుంది. అది ఎక్కడున్నా నెలనెలా గర్భాశయంలో లాగే అక్కడా ఉబ్బి, రాలి, రక్తం కారుతుంది. డయాఫ్రం మీద అలా రాలిన చోట క్రమంగా రంధ్రాలు పడతాయి.

మామూలు రోజుల్లో గర్భాశయ ముఖద్వారాన్ని చిక్కటి జిగురు మూసి ఉంచుతుంది. నెలసరిలో అది ఉండదు. బయటి గాలి గర్భాశయం గుండా, అండవాహికల గుండా కడుపులోకి, అక్కడి నుంచి డయాఫ్రం రంధ్రాల్లోంచి ఛాతీలోకి వెళ్లే దారి తెరుచుకుంటుంది. ఇదొక వివరణ. ఊపిరితిత్తి పొర మీదే అంటుకున్న కణజాలం రాలి అక్కడే రంధ్రం పడడం ఇంకొకటి. నెలసరిలో పెరిగే ప్రోస్టాగ్లాండిన్లు చిన్న గాలి గొట్టాలని బిగించేయడం మూడోది. ఏ ఒక్కటీ అన్ని కేసులకీ సరిపోదు. కానీ దాదాపు ఎప్పుడూ కుడివైపే ఎందుకొస్తుంది అన్నదానికి మొదటి వివరణ బాగా కుదురుతుంది. కడుపులోని ద్రవం కుడి పక్క నుంచి పైకి కాలేయం వైపు తిరుగుతుంది. కాలేయాన్ని పట్టి ఉంచే పొర దాన్ని ఎడమకి పోకుండా ఆపుతుంది. అందుకే ఆ కణాలు కుడి డయాఫ్రం మీద చేరతాయి.

భుజం నొప్పి కూడా అప్పుడే అర్థమైంది. డయాఫ్రం నరమూ భుజం చర్మపు నరాలూ మెడలో ఒకే చోటి నుంచి వస్తాయి. డయాఫ్రంకి నొప్పి పుడితే మెదడు దాన్ని భుజం నొప్పిగా చదువుతుంది. మిషను కుట్టడానికీ దానికీ సంబంధం లేదు.

గైనకాలజిస్టు మేడం చూసి, ప్రతి నెలా తట్టుకోలేనంత కడుపునొప్పి పదేళ్లుగా ఉందని రాబట్టారు. ఆ నొప్పి అందరికీ ఉండేదే అనుకుని, మెడికల్ షాపు మాత్రతో నెట్టుకొచ్చింది. స్కానింగ్‌లో ఎడమ అండాశయంలో 3 సెం.మీ. చాక్లెట్ సిస్టు, అంటే ఎండోమెట్రియోసిస్ వల్ల పాత రక్తం నిండిన తిత్తి. పిల్లలు పుట్టకపోవడానికీ, నొప్పికీ, ఊపిరితిత్తికీ కారణం ఒకటే.

మాత్ర ఎందుకు పని చేయలేదు

ఐదో రోజు బుడగలు ఆగాయి, ట్యూబు తీశాం. ఇప్పుడేం చేయాలి?

ట్యూబు ఉండగానే అందులోంచి పోవిడోన్ అయోడిన్ ఎక్కించి పొరలు అతికించేద్దామని ఒక సహవైద్యుడు సూచించారు. ఖర్చు తక్కువ, ఆపరేషన్ అక్కర్లేదు. నేను వద్దన్నాను. రంధ్రం డయాఫ్రంలో ఉందని నా అంచనా. ఊపిరితిత్తిని గోడకి అతికిస్తే రంధ్రం మూసుకోదు. రేపు ఆపరేషన్ తప్పనిసరైతే ఆ అతుకులన్నీ సర్జన్‌కి అడ్డం పడతాయి.

నేను ఆపరేషన్ వైపు మొగ్గాను. కుటుంబం భయపడింది. ముందు నెలసరిని ఆపే మాత్ర వాడి చూద్దామన్నారు, అది తప్పుడు కోరికేం కాదు. డైనోజెస్ట్ రోజుకి 2 మి.గ్రా. అనుకున్నాం. టీబీ కోర్సు అయిపోయి అప్పటికి రెండు వారాలకి పైగా అయింది. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ ఈ రకం హార్మోన్ మాత్రలని కాలేయంలో చాలా వేగంగా కరిగించేస్తుంది, మందు మానేశాక కూడా ఆ ప్రభావం కొన్ని వారాలు ఉంటుంది. అందుకని మరో రెండు వారాలు ఆగి మొదలుపెట్టాం. అనవసరంగా వాడిన టీబీ మందు, అవసరమైన మందుని కూడా వెనక్కి నెట్టింది.

జూన్ మొదట్లో, ఆస్పత్రి లెక్కలో నాలుగోసారి. మాత్ర వాడుతుండగా ఎందుకొచ్చింది? నేను ముందు డోసు గురించి ఆలోచించాను. సిస్టర్ ఆమెని విడిగా కూర్చోబెట్టి అడిగింది. ఐదు వారాలు వాడి మానేసిందట.

డైనోజెస్ట్ మొదటి నెలల్లో అప్పుడో ఇప్పుడో చుక్కలు చుక్కలుగా రక్తం కనబడడం చాలామందికి ఉంటుంది. వైద్యపరంగా ప్రమాదం కాదు. అందుకే మేం దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాం. ఆమె ఇంట్లో అది చిన్న విషయం కాదు.

“చుక్క కనబడినా బయటే కదా సార్. పద్దెనిమిది రోజులు వంటింట్లోకి వెళ్లలేదు. మాత్ర మానేస్తే మూడు రోజులతో పోతుంది కదా అనుకున్నాను.”

మందు విఫలం కాలేదు. ఆ మందు ఆ ఇంట్లో రోజువారీగా ఎలా నడుస్తుందో మేం ఆలోచించలేదు. అత్తగారితో అప్పుడు మాట్లాడాను. ఇది మందు వల్ల వచ్చే మరక, నెలసరి కాదు అని చెప్తే ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. “ముందే చెప్పాల్సింది బాబూ” అన్నారు. నిజమే.

ఆపరేషన్

నాలుగోసారి వచ్చింది చిన్నది. ఆక్సిజన్ పెట్టి గమనించాం, ట్యూబు అవసరం రాలేదు, పన్నెండు రోజుల్లో పూర్తిగా విచ్చుకుంది. ఈసారి ఆపరేషన్‌కి అందరూ ఒప్పుకున్నారు.

పెద్ద ఊళ్లోని ఛాతీ సర్జన్‌కి పంపుతూ ఉత్తరంలో రెండు విషయాలు గట్టిగా రాశాను. ఒకటి, కెమెరా పైకొన చూసి ఆగిపోవద్దు, డయాఫ్రం మొత్తం చూడాలి. కుప్పకూలిన ఊపిరితిత్తి అనగానే సర్జన్ల కళ్లు అలవాటుగా పైకొనలో పొక్కుల కోసం వెళ్తాయి. డయాఫ్రం కెమెరాకి అడుగున ఉండిపోతుంది. రెండు, వీలైతే నెలసరి రోజుల్లోనే చేయాలి, ఆ మచ్చలు అప్పుడే స్పష్టంగా కనబడతాయి. బయట ఉన్నప్పుడు ఆపరేషనా అని ఇంట్లో కాస్త తటపటాయించారు. కారణం చెప్పాక సరేనన్నారు.

సర్జన్ పంపిన వీడియో నా దగ్గర ఉంది. పైకొన శుభ్రం. కెమెరా కిందికి తిరిగింది. తెల్లగా మెరిసే డయాఫ్రం నడిమి పొరలో నాలుగు రంధ్రాలు. మూడు గుండుసూది తలంత, ఒకటి కందిగింజంత. పెద్ద రంధ్రంలోంచి ముదురు ఎర్రటి కాలేయం తొంగిచూస్తోంది, ఊపిరి తీసినప్పుడల్లా పైకీ కిందికీ కదులుతోంది. చుట్టూ నీలం, గోధుమ రంగు మచ్చలు. ఆ భాగం కోసి తీసి, కుట్టి, పైన వల లాంటి మెష్ వేసి కప్పారు. ఛాతీ గోడ పొరని గరుకు చేసి ఊపిరితిత్తి అతుక్కునేలా చేశారు. పరీక్షకి పంపిన ముక్కలో ఎండోమెట్రియల్ గ్రంథులు, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ హార్మోన్లని పట్టుకునే గ్రాహకాలు రెండూ ఉన్నాయని రిపోర్టు వచ్చింది.

ఆపరేషన్ ఒక్కటే చాలదని ముందే అనుకున్నాం. కంటికి కనబడని కణాలు మిగిలే ఉంటాయి, అతుకు గట్టిపడే వరకు వాటిని నిద్రపుచ్చాలి. ఈసారి మాత్ర కాకుండా నెలకోసారి ల్యూప్రొలైడ్ ఇంజెక్షన్, ఆరు నెలలు. నెలసరిని పూర్తిగా ఆపుతుంది కాబట్టి రోజూ చుక్కల బాధ ఉండదు. మొదటి ఇంజెక్షన్ తర్వాత ఒకసారి రక్తస్రావం కావచ్చని, ఒంట్లో ఆవిర్లు వస్తాయని, ఎముకల కోసం కాల్షియం, విటమిన్ డి వాడాలని ముందే, అత్తగారు కూడా ఉండగా చెప్పాం. ఆరూ తీసుకుంది.

మా దగ్గర మారినవి

ఆడవాళ్ల కేస్ షీటులో ‘లక్షణం మొదలైన రోజు, నెలసరి ఎన్నో రోజు’ అని ఒక గడి చేర్చాం. కుడివైపు ఛాతీలో గాలి చేరినా, రక్తం చేరినా, దగ్గులో రక్తం పడినా అది నింపాలి. ఎండోమెట్రియోసిస్ ఛాతీలో ఈ మూడు రూపాల్లోనూ రావచ్చు. ఆ ప్రశ్న సిస్టర్ అడుగుతుంది, తెర వేసి, విడిగా. జవాబు గుర్తులేకపోతే పండుగలతో అడుగుతుంది. దసరాకి ఎలా ఉంది, కార్తీక సోమవారం ఉపవాసం ఉండగలిగావా, అని. తేదీలు మర్చిపోయినవాళ్లకి కూడా ఏ పండక్కి పూజ గదిలోకి వెళ్లలేకపోయారో గుర్తుంటుంది.

ఆధారం లేకుండా మొదలైన టీబీ కోర్సు కనబడితే ఇప్పుడు మొదలుపెట్టిన డాక్టరుకి ఫోన్ చేసి మాట్లాడుతున్నాను. నెలన్నరే కదా అని ఊరుకోవడం లేదు.

సీటీ శుభ్రంగా ఉన్న కుర్రాళ్ల విషయంలోనూ ఒక మార్పు వచ్చింది. సీటీలో ఏమీ లేకపోతే పని అయిపోయిందనుకునేవాణ్ని. ఇప్పుడు మళ్లీ కుర్చీ లాక్కుని మొదటి నుంచి అడుగుతున్నాను. గంజాయి సంగతి, తండ్రికో బాబాయికో ఇలాగే అయిన సంగతి రెండోసారి అడిగినప్పుడే బయటికి వచ్చిన సందర్భాలు ఉన్నాయి.

ఈ రోజు వరకు

ఆపరేషన్ అయి పదహారు నెలలు. ఇంజెక్షన్లు అయ్యాక నెలసరి తిరిగి మొదలై ఎనిమిదిసార్లు వచ్చింది. మొదటి రెండుసార్లు రెండో రోజున ఎక్స్‌రే తీయించాం, రెండూ శుభ్రంగా ఉన్నాయి. భుజం నొప్పి లేదు. మిషను మళ్లీ కుడుతోంది.

ఇప్పుడు పిల్లల కోసం చికిత్స మొదలుపెట్టబోతున్నారు. అండాలు పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్లతో ఈస్ట్రోజెన్ బాగా పెరుగుతుంది, మిగిలిన కణాలు మేలుకోవచ్చు. అందుకని గైనకాలజిస్టు మేడం, నేను ఒక ఒప్పందానికి వచ్చాం. ఆ వారాల్లో కుడి భుజం నొప్పి అన్నా, పొడిదగ్గు అన్నా, రాత్రి ఎంతైనా ముందు ఒక ఎక్స్‌రే. గర్భం ఉండే అవకాశం ఉంటే పొట్టకి సీసం కప్పు వేసి తీయాలని, ట్యూబు వేయాల్సి వస్తే నాకు ఫోన్ చేయాలని ఆమె ఫైలు పై అట్ట మీద ఎర్ర ఇంకుతో రాసి ఉంది. క్యాలెండర్ మీద చుక్కలు పెట్టడం ఆమె మానలేదు. ప్రతి నెలా మొదటి రోజు ఆ గడి ఫొటో సిస్టర్ ఫోన్‌కి వస్తుంది.